కెమెరాకు పెట్టిన బొట్టు

తాండూరు, 21 అక్టోబర్ 2025. రేపు నాపరాయి గుత్తేదారు అగ్రిమెంటుకు వస్తున్నాడు. అతనికేం చెప్పాలో తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను.

మా పాత గనిలో మనవరాలు అక్షర గడ్డి, చెట్లు పెంచింది. అక్కడ అడవి జంతువులు తిరుగుతున్నాయంటుంది. "దీపావళి లోపల ఒక్కదాన్నన్న చూపియ్యి, లేకుంటే గని మళ్ల తవ్విస్త" అన్నాను. దసరా ముందురోజు తను అక్కడి చెట్టుకు, ఏది కదిలినా దానంతటదే ఫొటో తీసే కెమెరా కట్టింది.

నిన్న చూస్తే ఫొటోలన్నీ ఎర్రటి మసక.

"నీ జంతువులకు గిదేం రంగు?" అని నవ్వాను.

"నాయనమ్మా, దసరానాడు కెమెరాకు బొట్టు పెట్టినవా?"

"ట్రాక్టరుకు, మోటారుకు పెట్టి దానికి మానేస్తనా? నడుమ గుండ్రంగ పెట్టిన."

"గది దాని కన్ను!"

మసకకు ముందు ఒక్క ఫొటో ఉంది. అందులో నేను బొట్టు పెట్టేముందు కళ్లు మూసుకుని దండం పెడుతున్నాను. నా వెనక గుంటనక్క కూర్చుని పూజ చూస్తోంది.

"జరంత ఎనకకు జరిగితే దాని తోక తొక్కుతుంటివి!" అంది అక్షర.

ఇక జరగవలసినవి:

1. గుత్తేదారుకు చాయ్ ఇచ్చి, గని ఇవ్వడం లేదని చెప్పాలి.
2. కెమెరా కన్ను నేనే తుడవాలి.
3. వచ్చే దసరాకు దండం పెట్టేముందు వెనక్కి చూడాలి.