మూడో రేవు

ఓడలో టూర్ల కౌంటరు దగ్గర నిలబడ్డాం. మొదటి రెండు రేవుల్లో కోట, తోట చూడ్డానికి మా ఆవిడ సరేనంది. మూడో రేవులో ఏ టూరూ వద్దంది.

"అక్కడ దిగి ఏం చేస్తారమ్మా? చేపల కంపు తప్ప ఏమీ లేదు," అని నవ్వింది కౌంటరు అమ్మాయి.

"గట్టు మీద కూర్చుంటాం. ఎవరైనా రావడం ఆలస్యమైతే ఓడ ఆగుతుందా?"

"ఆగదమ్మా. మైకులో మూడుసార్లు పేరు పిలుస్తారు. అంతే."

మా ఆవిడ నావైపు తిరిగింది. "విన్నారా? మన పిల్లాణ్ణీ పిలిచే ఉంటారు."

మావాడు ఈ ఓడ వంటగదిలోనే పనిచేసేవాడు. పదేళ్ల క్రితం ఆ రేవులో దిగాడు, మళ్లీ ఎక్కలేదు.

"సాయంత్రం ఐదింటికల్లా వచ్చేయాలి," అంది అమ్మాయి.

నేను కౌంటరు మీదికి వంగి అన్నాను. "మేం రాకపోయినా మమ్మల్ని పిలవక్కర్లేదని చెప్పమ్మా."