ఎండాకు గోనె

"కేసు కొట్టేయకపోతే ఎన్నేళ్ళు పడుద్ది మేడమ్?" హైకోర్టు వరండాలో ప్రసాద్ అడగడం ఇది నాలుగోసారి.

"పదేళ్ళు. అయినా గోనెలో ఉన్నవి ఎండు మామిడాకులేనని ల్యాబు రిపోర్టు వచ్చాక ఇంకా ఆ వణుకేంటయ్యా?" విసుక్కుంది లాయరు కీర్తిప్రియ.

అదేగా వణుకు! ముసునూరు నుంచి రసాల మామిడిపళ్ళ లోడుతో వెళ్తున్న తన వ్యానులో, ట్రేల కింద పోలీసులకి దొరికిన గోనెలో గంజాయే ఉండాలి. ఇచ్చిన భరత్ మూతి విప్పి మరీ చూపించాడు. ఒక్క ట్రిప్పే కదా అని గడ్డి తిని ఒప్పుకున్నాడు ప్రసాద్. లోడు కుదిరేదాకా వారం రోజులు, భార్యకైనా చెప్పకుండా, తన గేదెల పాకలోనే దాచాడు. ఇప్పుడు మామిడాకులంటారేంటి? ఖాయంగా ఎవరి రిపోర్టో తన ఫైల్లో పడింది. జడ్జిగారు కనిపెట్టారా, ఇక అంతే సంగతులు.

పక్కన భార్య జ్యోతి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

లోపల పేరు పిలిచారు. జడ్జిగారు రిపోర్టు ఆఖరిదాకా చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు. దొరికిపోయాను, నా పిల్లలేమైపోతారు దేవుడా అనుకున్నాడు ప్రసాద్.

"నిషేధించిన సరుకే లేనప్పుడు ఇంక కేసెక్కడిది?" అన్నారాయన. కొట్టేశారు.

బయటికొచ్చి స్తంభం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు ప్రసాద్. ఇంతలో జేబులో ఫోను మోగింది. భరత్!

"కేసు పోయిందంటగా ప్రసాదూ, సంతోషం. సాయంత్రం నలుగురం మీ ఇంటికొస్తున్నాం." గొంతులో కోపమన్నదే లేదు, అదే మరీ భయంగా ఉంది. "నా సరుకు తీసి ఎక్కడ పెట్టావో చూపిద్దువుగాని."

ఫోను కట్టయింది. ప్రసాద్ గబుక్కున భార్య వైపు తిరిగాడు.

"వాడు నన్ను చంపేస్తాడే జ్యోతీ! నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. ఆ గోనె ఎవరు విప్పారే?"

జ్యోతి నోట్లోంచి కొంగు తీసింది.

"ఖాళీ గోనె చూస్తే తిడతావని తోటలో ఎండాకు ఊడ్చుకొచ్చి కుక్కింది నేనేనయ్యా... అందులో ఉన్నదంతా వారం రోజులూ గేదెలకి దోమల పొగేసేశాను!"