నలభై రెండో చోటు

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు ఆసుపత్రి గోడ వెంట ఉన్న నలభై రెండు చోట్లలో నలభై ఒకటి మూసి ఉన్నాయి. ఒకటి తెరిచి ఉంది.

తెరిచి ఉన్నది తాళాలాయనది. గోడ చివర, నలభై రెండో చోటు. ఒక పెట్టె, ఒక గొడుగు, తీగకు గుచ్చిన తాళంచెవులు.

ఆయన వచ్చి ఏడు నెలలైంది. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ చెప్పలేదు.

బంద్‌కు పిలుపునిచ్చింది వ్యాపారుల సంఘం. పదకొండింటికి నగర కార్యాలయం ముందు ధర్నా. చోట్లో మనిషి ఉండకూడదు, ఇటుక మాత్రం ఉండాలి.

ఇటుక ఆ గోడ దగ్గర పాత పద్ధతి. ఎవరైనా పని మీద వెళ్తే, రంగుతో నంబరు వేసిన ఇటుక పెట్టి వెళ్తారు. ఇటుక ఉన్న చోట ఇంకొకరు కూర్చోరు.

పండ్లామె వచ్చి తాళాలాయన ముందు నిలబడింది.

"ఏమయ్యా, బంద్ అంటే నీకు వేరేగా చెప్పాలా?"

"ఇవాళ నగర ఆఫీసువాళ్ళు లెక్క రాసుకోడానికి వస్తున్నారక్కా. ఎవరు ఎక్కడ కూర్చుంటారో రాసుకుంటారు. లెక్కలో లేనివాళ్ళని లేపేస్తారు. చోటు వదిలి పోవద్దు."

"నీకెవరు చెప్పారు?"

"ఆఫీసు గోడ మీద అంటించారు. చదివాను."

సంఘం అధ్యక్షుడు దగ్గరికొచ్చాడు. బెల్టులు అమ్ముతాడు. ఆరో చోటు. పదకొండేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు.

"లెక్క వచ్చే వారం. కాగితం నా దగ్గరుంది," అని చొక్కా జేబు తట్టాడు.

"ఒకసారి చూపించండి."

"మొన్నొచ్చి నాకు పరీక్ష పెడుతున్నావా?" అధ్యక్షుడు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "నెల రోజుల నుంచీ అందరి పేర్లూ అడుగుతున్నాడు. ఆ పేర్లు ఎవరికి మోస్తున్నాడో అడగండి."

అడిగిన మాట నిజం. పండ్లామెను ఇంటిపేరు కూడా అడిగాడు. సంబంధం చూస్తున్నావా అని ఆమె నవ్వింది అప్పట్లో.

ఇస్త్రీ ఆయన కాలితో పెట్టెను తన్నాడు. తాళంచెవులు రోడ్డు మీద పడ్డాయి.

నలభై ఒక్క మంది జెండాలు పట్టుకుని వెళ్ళారు. తాళాలాయన వంగి తాళంచెవులు ఏరుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆసుపత్రి కాపలాదారు గేటు దగ్గరే ఆపాడు.

"ఆఫీసువాళ్ళు వచ్చి వెళ్ళారు. మీ తాళాలాయన వాళ్ళ పక్కనే తిరిగాడు. రెండున్నర దాకా."

అందరూ గోడ చివరికి వెళ్ళారు.

"నీ ఒక్కడి పేరే రాయించుకున్నావన్నమాట," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"లేదన్నా."

"మరి రెండున్నర దాకా వాళ్ళకి తాళాలు అమ్మావా?"

"అక్కా, మీ పేరు..."

"నా పేరు నీ నోట రానియ్యకు," అంది పండ్లామె. "నీ నీళ్ళ సీసా ఇన్నాళ్ళూ నా బండి కింద పెట్టుకోనిచ్చాను చూడు, నన్ననాలి."

అధ్యక్షుడు చేయి ఎత్తాడు. "ఇవాళ ఊరికే చూసి పోయుంటారు. అసలు లెక్క వచ్చే వారం. నేను మాట్లాడాగా."

ఆయన మాట నమ్మారు.

శుక్రవారం ఉదయం తాళాలాయన వచ్చేసరికి ఆయన ఇటుక మురుగు కాలవలో ఉంది. ఆ చోట్లో ఇంకెవరివో సాక్సులు అమ్మకానికి పరిచి ఉన్నాయి. ఆయన పెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. పండ్లామె బండి కిందనుంచి ఆయన నీళ్ళ సీసా బయటికి తీసింది. ఆయన వెనక్కి చూడలేదు. ఆమె పిలవలేదు.

ఆ తర్వాతి వారం లెక్కకు ఎవరూ రాలేదు.

ఇరవై రోజులకు గోడ మీద నోటీసు అంటించారు. ఆ గోడ వెంట వ్యాపారులెవరూ లేరని సంఘం అధ్యక్షుడే రాసిచ్చినందున, ఉన్న సామాను వారంలోగా తీసెయ్యాలి.

అధ్యక్షుడి ఫోను పలకలేదు. ఆరో చోట్లో ఇటుక ఉంది, మనిషి లేడు. ఎదుటి వీధిలో కట్టిన కొత్త భవనంలో నాలుగో దుకాణానికి బెల్టుల బోర్డు పెట్టి ఉంది. షట్టరు దించి ఉంది.

పండ్లామె, ఇస్త్రీ ఆయన ఆఫీసుకు వెళ్ళారు. గుమస్తా నోటీసు చదివి బీరువాలోంచి లెక్క పుస్తకం తీశాడు.

"ఈ నోటీసు నిలవదు. ఉత్తరం కంటే లెక్కదే పైచేయి. మీవి నలభై ఒక్క పేర్లున్నాయి. చోటు కార్డులొస్తాయి."

"ఆ రోజు మేమెవరమూ లేం కదా సార్?" అంది పండ్లామె.

"ఇటుకలున్నాయిగా. మనిషి లేని చోటికి సాక్షి చాలు. ఒకాయన ప్రతి ఇటుక దగ్గరా నిలబడి ఎవరిదో చెప్పి సంతకం పెట్టాడు. కాగితం కూడా చూడలేదు, అన్నీ నోటికే వచ్చు."

ఇస్త్రీ ఆయన పుస్తకం మీదికి వంగాడు.

"సాక్షికి చోటు రాదు. అది రూలు," అన్నాడు గుమస్తా. "రెండుసార్లు చెప్పాను ఆయనకి."

"ఏమన్నాడు?"

"రాసుకోండి అన్నాడు."

గుమస్తా పుస్తకం వాళ్ళ వైపు తిప్పాడు.

మూడో వరుసలో పండ్లామె పేరు, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా ఉంది. ఆరో వరుసలో అధ్యక్షుడి పేరు కూడా ఉంది. ప్రతి పేరు పక్కనా ఒకటే సంతకం.

నలభై రెండో వరుసలో 'ఖాళీ' అని ఉంది, పక్కన అదే సంతకం, తేదీ మంగళవారానిది.