ముందుకాళ్ల కింది పసుపు

గుత్తిలో కుక్కల్ని మానేసి ఇంటింటా సీసాలో సాలీడును పెంచుకునే కాలమది. నీలిరంగుది ఇరవై ఏళ్లు బతుకుతుంది. తోడంటే అదే అనేవారు. గోధుమరంగుది నాలుగేళ్లకే పోతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా బూడిదరంగులో ఉంటాయి. వాటిని గుర్తుపట్టగలిగినవాడు మద్దిలేటి. భార్య పోయి మూడేళ్లయింది. ఎవరైనా రెండు పిల్లల్ని తెస్తే, నీలిదేదో చెప్పి మిగిలినదాన్ని తను ఉంచుకోవడం ఆనవాయితీ.

ఒకరోజు పక్కింటి కంబగిరి, రంగమ్మ రెండు సీసాలతో వచ్చారు. మద్దిలేటి భూతద్దం తీస్తుండగా రంగమ్మ మొగుడి నుదుటి చెమట కొంగుతో తుడిచింది. మద్దిలేటికి కడుపు భగ్గుమంది.

ఎడమ సీసాలోని పిల్లకు ముందుకాళ్ల కింద పసుపు పట్టీ ఉంది. అదే నీలిది.

"కుడిపక్కది నీలిది. తీసుకపో," అన్నాడు.

"నువ్వు చెప్పినాక తిరుగేముంది బావా," అంది రంగమ్మ.

ఏడాదికి మద్దిలేటి సాలీడు కుబుసం విడిచి నీలంగా మెరిసింది. వాళ్ల మొహాలు మాడటం చూద్దామని సీసా పట్టుకుని వెళ్లాడు. మొగుడూ పెళ్లాం గోధుమరంగు సాలీడుకు బొద్దింకలు వేస్తూ నవ్వుకుంటున్నారు.

"చూస్తివా కంబగిరీ, పొరపాటు పడితిని."

"పొరపాటేందిలే అన్నా. పసుపు నీ భూతద్దంలో నాకూ ఆపొద్దే కనపడె. పదేండ్లు నీ పక్కన కూచోని చూస్తిని గదా."

"మరి అడగలేదేంరా?"

"ఒంటిగాడు, నీలిది ఆయప్ప దగ్గరే ఉండనీలే అని ఇదే అనె," అంటూ కంబగిరి పెళ్లాన్ని చూపించాడు.

"కాఫీ తాగి పో బావా," అంది రంగమ్మ.

మద్దిలేటి తాగలేదు. తన మోసాన్ని క్షమించినందుకు వాళ్లిద్దరినీ అతను చచ్చేదాకా క్షమించలేదు.