అక్క గొంతు

"మా స్టేషన్ రావట్లేదేంట్రా?"

అక్క మళ్ళీ బటన్ నొక్కింది. తమ్ముడు తెచ్చిన కొత్త రేడియోలో అంకెలు పరుగెత్తి, మొన్నటిదాకా ఆమె వార్తలు చదివిన చిన్న స్టేషన్‌ను దాటేసి, పెద్దదాని దగ్గరే ఆగాయి.

"అది వదిలెయ్. ఉద్యోగం ఎందుకు మానేశావ్?"

"గొంతులో పస పోయిందిరా. ఏడాదిగా వినేవాళ్ల ఫోన్లు తగ్గుతూ వచ్చి, చివరికి ఒక్కటీ రాలేదు. మిరియాలు నమిలాను, వేణ్ణీళ్లు పుక్కిలించాను. లాభం లేకపోయింది."

తమ్ముడి చెయ్యి రేడియో మీదే ఉండిపోయింది. ఈ రేడియోలు బజారులోకి వచ్చి కూడా ఏడాదే.

"నీ గొంతు కాదక్కా. సిగ్నల్ బలం కొలిచి, ఎక్కడ ఆగాలో చెప్పే సర్క్యూట్ మా కంపెనీలో నేను తయారుచేసిందే. గరగర వినిపించకూడదని హద్దు పెంచింది నేనే. బలం తక్కువున్న స్టేషన్లను ఇది దాటేస్తుంది."

అతను తల ఎత్తకుండా వెనక మూత విప్పి, చిన్న స్క్రూ తిప్పి, బటన్ నొక్కాడు. కాస్త గరగర, దాని వెనక ఒకమ్మాయి వార్తలు చదువుతోంది. అక్క స్థానంలో వచ్చిన పిల్ల.

అక్క చివరిదాకా విన్నది.

"మిగతా రేడియోలు కూడా సరిచెయ్యరా," అంది. "ఈ పిల్ల మిరియాలు నమలడం మొదలుపెట్టకముందే."