సొరపువ్వు రంగు

“ఈ పువ్వు తప్పండీ,” అంది మాణిక్యమ్మ, పుస్తకం తెరిచి బల్ల మీద పెడుతూ.

విజయవాడ పుస్తకాల పండగలో ఆ స్టాలు నిండా పిల్లల బొమ్మల పుస్తకాలే. విత్తు నాటడం, పాదు చెయ్యడం, పందిరెయ్యడం, కాయ కొయ్యడం, అన్నీ రంగురంగుల బొమ్మల్లో ఉన్నాయి. వాటిని అచ్చువేసే రామకోటేశ్వరరావు మధ్యాహ్నం క్యారేజీ విప్పబోతూ ఆగాడు.

“ఏ పువ్వమ్మా?”

“సొరపాదుకి పసుపుపచ్చ పూలేశారు చూడండి. సొరపువ్వు తెల్లగా ఉంటది. పచ్చగా పూసేవి బీర, గుమ్మడి.”

“పిల్లల పుస్తకం కదమ్మా, కంటికి ఇంపుగా ఉంటుందని వేసుంటారు. ఎవరికి, మనవరాలికా?”

“ఎవరికైతే ఏంలెండి. కూరలు పండించటం నేర్పే పుస్తకంలో తప్పుండకూడదు కదా.”

మాణిక్యమ్మ అంతే. దారినపోతూ పరాయివాళ్ళ మళ్ళో కలుపు కనిపించినా గట్టు దిగి పీకితే గానీ ముందుకి కదలదు. ఆ అలవాటు వల్ల ఆమెకి ఎన్ని బస్సులు తప్పిపోయాయో ఉయ్యూరు రూటు కండక్టర్లనడిగితే చెబుతారు. కాకపోతే ఈసారి కలుపు పరాయివాళ్ళ మళ్ళో లేదు. పుస్తకం అట్ట మీద ‘బొమ్మలు: సుస్మిత’ అని ఉంది. సుస్మిత ఆమె కూతురు.

ఐదేళ్ళ కిందట, వ్యవసాయ కాలేజీలో వచ్చిన సీటు వదిలేసి బొమ్మలేసుకుంటానంది సుస్మిత. “నేను పిలిచేదాకా ఈ గడప తొక్కొద్దు” అంది మాణిక్యమ్మ. పిల్ల నిజంగానే తొక్కలేదు. పిలవడానికి తల్లికి నోరు రాలేదు. మొన్న పక్కింటి పిల్ల బడి నుంచి తెచ్చుకున్న ఈ పుస్తకం మీద ఆ పేరు చూసి, దాన్ని అడిగి తీసుకుని ఒక్కో పేజీ తడుముతూ కూర్చుంది.

అన్నీ తమ పెరట్లోవే. ఒక పక్కకి ఒరిగిన పందిరి గుంజ, తిరగేసిన నీలం బకెట్టు, దాని మీద కూర్చుని పైకి చూస్తున్న రెండు జడల పిల్ల. దీపాలు పెట్టేవేళకి సొరపూలు ఒక్కొక్కటే విచ్చుకుంటుంటే “అమ్మా, ఏడు. అమ్మా, ఎనిమిది” అని వంటింట్లోకి కేకేసి చెప్పేది సుస్మిత. ఇప్పటికీ ఆ వేళకి మాణిక్యమ్మ చెవి పెరటివైపే ఉంటుంది. అలాంటి పిల్ల పువ్వు రంగు మర్చిపోయింది. పువ్వునే మర్చిపోయిందంటే అమ్మ మాత్రం ఏం గుర్తుంటుంది? రెండు రోజులు ఆమెకి ముద్ద దిగలేదు. ఫోను చెయ్యడానికి రాని ధైర్యం, తప్పు దిద్దడానికి మాత్రం వచ్చింది. పుస్తకం అచ్చువేసినవాళ్ళు పుస్తకాల పండగకొచ్చారని విని ఈ పొద్దున బస్సెక్కేసింది.

“ఇది మూడో ముద్రణమ్మా,” అన్నాడు రామకోటేశ్వరరావు. “మీకు ముందు కూడా ఇద్దరు ముగ్గురు రైతులు చెప్పారు. మేమూ ఆర్టిస్టు గారికి ప్రతిసారీ చెబుతూనే ఉన్నాం. ఆవిడే ససేమిరా అంటారు. ఇప్పుడే మార్చొద్దంటారు.”

మర్చిపోయిందనుకున్నప్పుడే మాణిక్యమ్మకి కొంచెం నయంగా ఉంది. తెలిసి కూడా వదిలేసిందంటే, ఆ పెరడూ అక్కర్లేదు, ఆ పెరట్లో మనిషీ అక్కర్లేదన్నమాట.

“అట్టా అంటే ఎట్టాగండీ,” అంది. “తెలిసినవాళ్ళు చూస్తే ఆ అమ్మాయిని నవ్వరూ? ఈసారన్నా దిద్దించండి. మీకు పుణ్యం ఉంటది.”

ఆయన ఆమె మొహంలోకి ఒకసారి చూసి, క్యారేజీ పక్కకి జరిపి జేబులోంచి పెన్ను తీశాడు.

“సరేనమ్మా. ఏయే పూలో చూపించండి, రాసుకుంటాను.”

మాణిక్యమ్మ ముందుకి వంగింది. చూపుడువేలు సగానికి మడిచి, కణుపుతో ఒక్కో పువ్వే చూపించుకుంటూ వచ్చింది. “ఇది. ఇది. ఇదిగో, పిందె పక్కన ఇదోటి.”

“వేలికి దెబ్బ తగిలిందా అమ్మా?”

“లేదండి. పిందెకి వేలు చాపి చూపిస్తే కుళ్ళిపోద్ది. మడిచే చూపించాలి.”

“ఇది కాగితం కదమ్మా.”

“కాయితమైతే మాత్రం? పిందె పిందే కదండీ.”

రామకోటేశ్వరరావు రాయడం ఆపేశాడు. ఆ వేలి వంక, ఆ మొహం వంక మార్చి మార్చి చూశాడు. గబుక్కున లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.

“కూర్చోండమ్మా. మీరు వెళ్ళకండి, ఒక్క నిమిషం,” అంటూ ఫోను తీసి నంబరు నొక్కాడు.

ఎవరో పెద్దవాళ్ళకి ఫిర్యాదు చేస్తున్నాడనుకుంది మాణిక్యమ్మ. అనవసరంగా మాట పెంచాననిపించింది. ఇలా వచ్చి వాదులాడిందని సుస్మితకి తెలిస్తే ఇంకా దూరమైపోతుందేమోనని భయమేసింది. పుస్తకం మూసి, అట్ట మీది పేరుని ఒకసారి తడిమి, సంచీ భుజానికి తగిలించుకుంది.

“వద్దులెండి, నా బస్సుకి వేళయింది,” అని నాలుగడుగులు వేసింది.

వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. “మేడమ్, మీరు చెప్పినట్టే వేలు మడిచి చూపించారండి. ఇంక ఆ పూలకి తెల్లరంగు వేసెయ్యండి, మీ అమ్మగారొచ్చారు.”