ఆదివారం సాక్ష్యం

"ఆదివారం పదింటికి సాక్ష్యం చెప్తానండీ. అందరి ముందూ చెప్తాను. ఇక దాచుకోను."

దుప్పట్ల బీరువా అవతల ఎవరితోనో ఫోనులో అంటున్న ఆ మాటలు వినబడగానే సూపర్‌వైజర్ ఉన్నచోటే ఆగిపోయాడు. ఆ గొంతు చీపురుది. లాండ్రీలో నేల ఊడ్చే ఆవిడకు అతను పెట్టిన పేరది. నోట్లో నాలుక లేని మనిషి. మూడేళ్లలో ఆవిడ తలెత్తి మాట్లాడడం అతను చూడలేదు.

ఆవిడ దాచిందేమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరు ముందు, వేళ్లు లోపలికి పోకుండా ఒక అడ్డుపట్టీ ఉంటుంది. పని త్వరగా తెమలాలని ఆమధ్య దాన్ని ఊడదీసింది అతనే. గంట తిరక్కుండా, ఆ రోలరు దగ్గర పనిచేసే, అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ కుడిచేతి వేళ్లు నాలుగూ నలిగిపోయాయి. ఆ గొడవలోనే పట్టీ మళ్లీ బిగించి, పెద్దమ్మదే పరధ్యానమని రిపోర్టు రాసి సంతకం పెట్టాడు. పెద్దమ్మ కోర్టుకెక్కింది. వచ్చే సోమవారమే విచారణ. చూసినవాళ్లు లేని కేసు గాలికి కొట్టుకుపోతుందని అతని ధీమా. కంట్లో నలుసల్లా ఒక్కటే. ఊడదీసిన నాలుగు బోల్టులూ ఎంత వెతికినా దొరకలేదు. కొత్తవి బిగించాల్సి వచ్చింది.

"ఎక్కడ సాక్ష్యం?" అన్నాడు, బీరువా చుట్టూ తిరిగి వచ్చి. గద్దిద్దామనుకున్నాడు గానీ గొంతు పీలగా వచ్చింది.

"చర్చిలో సార్."

ఒక ఊపిరి తేలిగ్గా పీల్చుకున్నాడు. రెండోది సగంలోనే ఆగిపోయింది. లాండ్రీ యజమాని ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునేది ఆ చర్చిలోనే.

మర్నాటికి చీపురు కాస్తా 'అమ్మా' అయింది. బుధవారం ఆవిడ కూర్చోవడానికి స్టూలు వచ్చింది. గురువారం టీ కూడా అతనే తెచ్చిచ్చాడు, కప్పు కింద సాసరుతో సహా. సార్‌కి కొత్త పెళ్లాం బాగానే బుద్ధులు నేర్పుతోందని ఇస్త్రీవాళ్లలో ఒకరంటే, అదేం కాదు, రోలరు వేడి తలకెక్కిందని ఇంకొకరన్నారు. ఆవిడ టీ తాగి, కప్పు కడిగిపెట్టి, థాంక్స్ సార్ అంది. తలెత్తి అంది. ఆ రాత్రి నుంచి అతనికి ముద్ద దిగలేదు.

శనివారం ఇక ఉండబట్టలేకపోయాడు. "నీకెందుకమ్మా ఈ తలనొప్పి? నేల చూసుకుని బతికే మనిషివి."

"ఇన్నాళ్లూ నేలే చూశాను సార్," అంది ఆవిడ. చీపురు ఊపు తప్పలేదు.

పెళ్లయి ఇరవై రోజులైంది. బయటికంటే చాలు, అతని భార్య చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. ఎక్కడికని కూడా అడగదు. ఆదివారమూ అలాగే వెంట వచ్చింది. చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాక, రంగుల అద్దాల కిటికీలోంచి తన ఒళ్లో పడిన ఎర్రటి వెలుగు చూసి మురిసిపోయింది. అతని చెయ్యి లాగి ఆ వెలుగులో పెట్టింది. అరచెయ్యి ఎర్రగా మెరిసింది, మంచుముద్దలా చల్లగా తగిలింది. ఒంట్లో బాగాలేదేమో అని కంగారుపడింది పిచ్చిపిల్ల. అతను వినలేదు. రోలరు అన్న మాట రాగానే లేచి, అంతా అబద్ధమని అరవాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాడు.

ఆవిడ ముందుకు వచ్చి నిలబడింది. గుప్పిట్లో ముడివేసిన చేతిరుమాలు.

"నన్ను చీపురంటారు. అన్నవాళ్లను తప్పుపట్టను, నేనూ అంతే అనుకునేదాన్ని. మా లాండ్రీలో చిరిగిన దుప్పటిని పీలికలు చేసి నేల తుడుస్తాం. నేనూ ఓ పీలికనే అనుకున్నా." ఆగి, మళ్లీ అందుకుంది. "కానీ ప్రతి దుప్పటి మూలలో ఓ గుర్తుంటుందండీ. వెయ్యింటిలో కలిసిపోనీ, ఎంత మురికైనా పట్టనీ, అది ఎవరిదో ఆ గుర్తు చెప్పేస్తుంది. ఇక్కడే మోకాళ్ల మీద ఉండగా ఓ రోజు నాకు తట్టింది, నా మీదా యేసయ్య గుర్తుందని. నాకోసం ప్రాణం పెట్టినాయన నన్ను పీలిక అనుకుంటాడా? ఆ రోజుతో నాకు మనుషులంటే భయం పోయింది."

ఆవిడ చూపు ముందు వరుసలో యజమాని మీద ఆగింది. సూపర్‌వైజర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"అందరికీ వందనాలు," అని ఆవిడ వెళ్లి కూర్చుంది.

అంతే. పెద్దమ్మ ఊసు లేదు, రోలరు మాట లేదు. అతనికి ఒంట్లోకి ప్రాణం లేచొచ్చింది. అందరూ పాడుతుంటే, పాట రాకపోయినా పెదాలు కలిపాడు. కానుకల సంచి వచ్చినప్పుడు చేతికి దొరికినంతా వేశాడు. అదే సంచి ఆవిడ ముందుకు వెళ్లినప్పుడు మాత్రం ఆ రుమాలు ముడి విడలేదు. గుప్పిట మార్చుకుంటుంటే లోపల ఏదో టంగుమంది.

బయట మెట్ల దగ్గర అతని భార్య, కళ్లు తుడుచుకుంటూనే, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇంత మంచి మనిషి మీ దగ్గర పనిచేస్తున్నట్టు ఒక్కనాడైనా చెప్పలేదేమని మొగుణ్ణి దెప్పింది. అతను వారం రోజుల తర్వాత మొదటిసారి హాయిగా నవ్వాడు.

"సాక్ష్యమంటే ఇదేనా అమ్మా? నేనింకా ఏమిటో అనుకున్నా."

ఆవిడ రుమాలు ముడి విప్పింది. నూనె మరకలతో నాలుగు బోల్టులు.

"ఇవాళ్టిది దేవుడు నాకు చేసింది సార్. మీరు పెద్దమ్మకు చేసింది రేపు, కోర్టులో."